తిప్పి తొడగని ఉంగరం

నేను ఒక ఉంగరాన్ని. జాతకం బాగోలేక పెట్టుకున్న పగడపుటుంగరం అనుకునేరు! ఒక సైనిక అకాడమీలో డెబ్బై నాలుగో సంవత్సరం బ్యాచ్ కోసం పోతపోసిన బంగారాన్ని. నా నెత్తిన చిన్న కత్తి బొమ్మ ఉంటుంది.

అక్కడొక ఆచారం. శిక్షణలో ఉన్నన్నాళ్లూ కత్తిమొన తొడుక్కున్నవాడి వైపు ఉండాలి. చివరి పరేడ్ రోజున ఉంగరం తీసి, మొన లోకం వైపు ఉండేలా తిప్పి తొడుక్కోవాలి. అప్పుడే ఆఫీసరైనట్టు. మావాడు గోవర్ధనం ఆ రోజు టోపీ ఎగరేశాడు, ఫొటోలు దిగాడు, గులాబ్ జామూన్లు లాగించాడు. నన్ను మాత్రం మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి పెళ్లయింది. భార్య రాజ్యలక్ష్మి చేతివంట పుణ్యమా అని వేలు బలిసింది. నేనిక ఊడితే ఒట్టు!

మేజరయ్యాడు, కల్నలయ్యాడు. వేలి మీద మాత్రం క్యాడెట్‌గానే ఉండిపోయాడు. పటాలాన్ని గడగడలాడించిన మనిషి, బ్యాచ్‌మేట్లు కనబడితే చెయ్యి జేబులో దాచేవాడు. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

మొన్న మనవరాలు శ్రీవిద్య అదే అకాడమీలో చివరి ఏడాదికి వచ్చింది. పాత ఉంగరాలు కరిగించి కొత్త బ్యాచ్ ఉంగరాల్లో కలపడం అక్కడ ఇంకో ఆచారం. రిటైరైన ఆఫీసర్లు వరసగా వచ్చి, బంగారం కరిగే మూసలో తమవి వేస్తున్నారు. మావాడి వంతొచ్చింది. లాగాడు, మెలితిప్పాడు. వేలు వంకాయలా కమిలింది.

"వచ్చే ఏడు ఇస్తాలే," అన్నాడు నీరసంగా.

"వచ్చే ఏడు నా బ్యాచ్ కాదు తాతయ్యా!" శ్రీవిద్యకి ఏడుపొక్కటే తక్కువ.

రాజ్యలక్ష్మి సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. "ఇటివ్వండి ఆ చెయ్యి. ఇలాగే అఘోరిస్తారని నాకు తెలుసు."

ఊడాను. ప్రాణం లేచొచ్చింది.

"వెయ్యండి సర్," అన్నాడు మూస దగ్గరున్న కెప్టెన్.

ఆయన వెయ్యలేదు. నన్ను తిప్పి, చిటికెనవేలికి తొడుక్కున్నాడు. మొన లోకం వైపు. వెన్ను నిటారుగా చేసి నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది, అందరూ చూస్తుంటే?"

"ఒక్క నిమిషం ఆగవే. ఇప్పుడే ఆఫీసరయ్యాను."

కెప్టెన్‌కి అర్థం కాలేదు. శ్రీవిద్యకి అయింది. మడమలు కలిపి తాతకి సెల్యూట్ కొట్టింది. ఆయన తిరిగి సెల్యూట్ చేసి, నన్ను తీసి మూసలో వేశాడు.

ఇప్పుడు శ్రీవిద్య బ్యాచ్‌లో నూట పది వేళ్ల మీద తలా కాస్త ఉన్నాను. కరిగింది మాత్రం క్యాడెట్ ఉంగరంగా కాదు.