అంజన్న గొంతు ఇంటికి రాలే

పొద్దుగాల ముత్యమ్మ వాకిలి ఊడ్చే యాళ్లకు అంజన్న గొంతు పనికి బయల్దేరేది. "పోయొస్త" అని గుమ్మంల ఒక కేక పెట్టి, ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు ఆటో అడ్డకు పోయేది. అక్కడ పొద్దంత "ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, సంగారెడ్డీ!" అని పిలుస్తనే ఉండేది. కంపెనీలకు పోయే ఆడోళ్లు, బిహార్ పిలగాండ్లు ఆ పిలుపు విని ఉరికొచ్చి ఆటోలెక్కేటోళ్లు. మనిషి లేకుంట గొంతొక్కటే ఎట్ల పిలుస్తదని ఎవ్వలూ అడగలే. ఎప్పటి సందో ఆ అడ్డల పిలిచే గొంతు, ఇప్పుడూ పిలుస్తున్నది, గంతే.

మనిషి మాత్రం ఇంట్లనే ఉండెటోడు. నిరుడు గొంతుల క్యాన్సరొస్తే డాక్టర్లు స్వరపేటిక తీసేసిన్రు. పానం దక్కింది. జబ్బు మళ్ల రాలేదని చెకప్‌కు పోయినప్పుడల్లా చెప్తున్నరు. ఊపిరి తీసుకునేటందుకు మెడ మీద ఒక రంధ్రం పెట్టిన్రు, దాని మీద ముత్యమ్మ మెత్తటి తెల్లబట్ట కుట్టి కట్టింది. అంజన్న మంచిగనే తింటడు, ఒంట్ల బలం గూడ వచ్చింది. కానీ చెకప్‌కు తప్ప గడప దాటడు. ఎవరన్న వస్తే లోపటి అర్రలకు పోయి తలుపేసుకుంటడు. ఏండ్లకేండ్లు నోటితోని బతికినోడు, ఇప్పుడు నలుగురి ముంగట మూగోని లెక్క నిలబడాల్నా?

పైంగ ఆ గొంతంటే ఒకటే కుళ్లు. జనం బజార్ల ముత్యమ్మను ఆపి "అంజన్న గొంతు మంచిగున్నదా వదినా?" అని అడుగుతరు గాని, అంజన్న ఎట్లున్నడని అడిగినోడు లేడు. సాయంత్రం గొంతు ఇంటికొచ్చి అడ్డ మీది ముచ్చట్లన్ని చెప్తుంటే అంజన్న గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

"మొగడు ఒక దిక్కు, మొగని గొంతు ఒక దిక్కు! మీ ఇద్దరి నడుమ నా పానం తీస్తున్నరు గదా," అని ముత్యమ్మ మొత్తుకునేది.

ఒకనాడు గొంతు ఇంటికి రాలే. తెల్లారినంక గూడ రాలే. ఇల్లు బోసిపోయింది. పీడ పోయిందనుకుందామంటే అంజన్నకు మనసొప్పలే. బయట తన పేరు నిలబెట్టింది గదొక్కటే, గదీ పోతే ఇంక తానున్నట్టు ఎవలికి తెలుస్తది?

ముత్యమ్మ చెప్పులు తెచ్చి ముంగట పడేసింది. "నీ గొంతును నువ్వే దేవులాడుకో. నేను పోతే నా మాటింటదా అది? నీ లెక్కనే మొండిది."

ఇగ తప్పలే. రుమాలు మెడకు సుట్టుకొని అంజన్న గడప దాటిండు. దాటినంక తెలిసింది అసలు తిప్పలు. తప్పిపోయిన బర్రెనైతే పేరు పెట్టి పిలవొచ్చు, గొంతును పిలవాలంటే గొంతే కావాలె! చప్పట్లు కొట్టుకుంట సందులన్ని తిరుగుతుంటే బడిపిల్లలు నవ్విన్రు. అడ్డ మీదికి పోంగనే ఆటోవాళ్లు "అరె, అన్నొచ్చిండు!" అని చుట్టుముట్టిన్రు. అంజన్న సిగ్గుతోని సగం చచ్చిపోయిండు. జైపాల్ అనే డ్రైవర్ ఆయన చెయ్యి పట్టుకొని ఆటోల కూసోబెట్టిండు.

"పరేషాన్ గాకన్నా. నీ గొంతు నిన్న కొల్లూరు పోయింది, మన ఖదీర్ ఇంటికి. ఆటో నడుపుతుండె సూడు, గా ఖదీర్. వానికి గూడ నీ జబ్బే వచ్చింది. ఆపరేషన్ చేపిచ్చుకుంటే బతుకుతవని డాక్టర్లు చెప్పినా వద్దని మొండికేసిండు."

కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇండ్ల కాడ జైపాల్ దింపి పోయిండు. బ్లాకులన్ని ఒక్కతీరుగ ఉన్నయి. అంజన్న కింద నిలబడి చెవులు రిక్కించిండు. పైనుంచి తన నవ్వు తనకే వినవడ్డది. ఆ నవ్వు పట్టుకొని ఎగపోసుకుంట మెట్లెక్కిండు.

తలుపు తెరిచే ఉన్నది. మంచం మీద ఖదీర్ కూసున్నడు. పక్కన వాని పెండ్లాం సమీరా ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిపోయి ఉన్నది. కిటికీ కాడికెల్లి గొంతు నచ్చజెప్తున్నది: "నా మాటిను తమ్మీ, ఆపరేషన్ చేపిచ్చుకో. నన్ను సూడు, నాకేమైంది?"

"నీకేమైతది?" ఖదీర్ బొంగురుగ అన్నడు. "నిన్ను తీసేసిన్రు, నువ్వు ఆజాద్ అయినవ్. నీ మనిషి సంగతేంది? ఇంట్ల మూలకు పడ్డడంట గదా. గట్ల బతికే కన్న ఇట్లనే పోతా."

అంజన్న తలుపు కాడనే ఆగిపోయిండు. తాను మూలకు కూసునుడు ఇంకొకని పానం మీదికొస్తదని కలల గూడ అనుకోలే. జల్దీ మెట్లు దిగి పోదామనిపించింది. అంతట్ల సమీరా చూసింది.

"అయ్యో అన్నా, గక్కడనే నిలబడ్డరేంది? రాండ్రి, లోపటికి రాండ్రి."

ఆమె ఛాయ్ తెచ్చింది. అంజన్న ఖదీర్ ముంగట కూసొని, రుమాలు, దాని కింది తెల్లబట్ట తీసి మెడ చూపిచ్చిండు. ఖదీర్ కన్నార్పకుంట చూసిండు. అంజన్న మళ్ల బట్ట కట్టుకున్నడు. నోటితోని ఊదరాదు గనుక ఛాయ్ సాసర్ల పోసి ఆరబెట్టి, బిస్కెట్ ముంచుకొని తిని, కమ్మగ తాగిండు.

"అన్నా," ఖదీర్ మెల్లగ అడిగిండు, "కోసినంక జిందగీల మజా ఏం మిగులుతది?"

కిటికీ కాడి గొంతు జవాబు చెప్పవోయింది. అంజన్న చెయ్యెత్తిండు. గొంతు గప్‌చుప్ అయింది.

ఆస్పత్రిల ఒక మేడం నేర్పింది, గాలి మింగి తేన్పు లెక్క పైకి తెచ్చి దాన్నే మాట చెయ్యాలని. ఛీ, నలుగుర్ల తేన్పులేందని అంజన్న ఏనాడూ చెయ్యలే. ఇప్పుడు మింగిండు. ఏం రాలే. మళ్ల మింగిండు. మొహం ఎర్రగైంది. ఆఖరుకు కడుపులకెల్లి బర్రుమని ఒక మాట బయట పడ్డది.

"ఛాయ్."

అనుకుంట ఖాళీ సాసర్ సమీరా దిక్కు చాపిండు.

సమీరాకు ఏడుపు, నవ్వు ఒక్కపారే వచ్చినయి. ఖదీర్ గూడ నవ్విండు. నొప్పి లేస్తే గొంతు పట్టుకున్నడు, పట్టుకొని గూడ నవ్విండు. నవ్వాపుకొని పెండ్లాం దిక్కు తిరిగిండు.

"సమీరా, అన్నకు ఛాయ్ పొయ్యి. తర్వాత ఆస్పత్రికి ఫోన్ చేసి రేపు వస్తున్నమని చెప్పు," అన్నడు. "అన్నా, తోడు వస్తవా?"

"ఎందుకు రాను తమ్మీ, తప్పకుంట వస్త," అన్నది గొంతు.

"నిన్ను గాదు," అన్నడు ఖదీర్. "ఈ అన్నను అడుగుతున్న."

అంజన్న సాసర్ కింద పెట్టి గాలి మింగవట్టిండు.