పలచబడ్డ నల్లరాయి

బాలశౌరి గాజుపలక మీద రాతిముక్కను సున్నాలు చుడుతూ అరగదీస్తున్నాడు. ఉత్తరాదిన బర్మామైన్స్ అనే పేటలోని ఆ రాళ్ల పరీక్షశాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని అదే. రాయి వెంట్రుక కన్నా పలచనై, వెలుగును దాటనివ్వాలి, అప్పుడే మైక్రోస్కోపులో చూడగలరు.

వచ్చే రాళ్లు రెండు రకాలు. ఒకటి బూడిదరంగు గ్రానైట్. ఇంకొకటి డైక్, ఆ గ్రానైట్ బీటల్లోకి ఎప్పుడో కింద నుంచి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన నల్లరాయి. ముక్కలుగా ఉన్నప్పుడు ఏది ఏదో పసిపిల్లలైనా చెబుతారు. అరిగి గాజుకి అంటుకున్నాక ఆయన కళ్లకు రెండూ మసక పొరలే. నంబరు ఆఖర్న వేస్తాడు. ఏది ఏ రాయో ఆ వరస ఆయన తలలోనే ఉంటుంది.

ఈ నెలలో మూడుసార్లు నంబర్లు తారుమారయ్యాయి. రాళ్లు కోసే పింటూ తన సీటు మీద కన్నేసి, వాడే మారుస్తున్నాడని ఆయన అనుమానం. వాడు నవ్వితే అనుమానం, టీ తెస్తే మరీ అనుమానం. నిన్న జియాలజిస్టు రాజ్‌కిరణ్‌కి చెప్పేశాడు. పింటూని పనిలోంచి తీసేసే కాగితం తయారైంది. ఈ సాయంత్రం సంతకం.

"తాగు మామా. ఇసం కలపలేదులే," అన్నాడు పింటూ గ్లాసు పెడుతూ.

"నువ్వే తాగు."

ఈరోజు రెండు ముక్కలూ బాలశౌరి తానే కోశాడు. అరగదీసి, నంబర్లు వేసి, భార్య త్రేసమ్మ ఇచ్చిన టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. డబ్బా ఒళ్లోంచి దింపలేదు.

నాలుగింటికి వాటిని తానే రాజ్‌కిరణ్ చేతికిచ్చాడు. అతను మైక్రోస్కోపులో చూసి తలెత్తాడు.

"అంకుల్, యే తో డైక్ హై. నంబర్ గ్రానైట్ కా హై."

బాలశౌరి వంగి కన్ను ఆనించాడు. ఫెల్‌స్పార్ ఖనిజం సన్నటి పుల్లల్లా అడ్డదిడ్డంగా పడి ఉంది. సందుల్లో పైరాక్సీన్ గింజలు, నల్లరాయి గుర్తులు. డైకే. దాని మీది గ్రానైట్ నంబరు తన చేతిరాతే. డబ్బా మూత ఇంకా తన చేతిలోనే ఉంది.

"పింటూ నే కబ్ బద్‌లా?" పింటూ ఎప్పుడు మార్చాడని అడిగాడు రాజ్‌కిరణ్.

"ఆడు కాదు బాబూ. నానే," అన్నాడు బాలశౌరి. "ఆ కాయితం సింపెయ్యండి. నా పేరుమీద ఇంకోటి రాయించండి."

చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లోని పొడి వదల్లేదు. గేటు దగ్గర పింటూ సైకిల్ తాళం తీస్తున్నాడు.

"రేపు ఎన్నింటికొత్తన్నావు మామా?"

"నాను రాను. నువ్వు పెందరాలే రా," అని, ఆగకుండా నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు పింటూ ఆయన సొరుగు తీశాడు. లోపల, అరగదీయక ముందే గాజు మీద నంబరు గీసుకొమ్మని పరీక్షశాల వాళ్లిచ్చిన వజ్రపు మొన పెన్సిల్ ఉంది. దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.