కోళ్ల గూటికి కొలువు మారిన గొంగడి

నేను ఒక గొంగడిని. ముసలిదాన్ని, నల్లదాన్ని, నాలుగు అంచులా చిరుగులున్నదాన్ని. కొత్తవాళ్లు నన్ను ముట్టుకోగానే చెయ్యి గోక్కుంటారు. నేనేమీ నొచ్చుకోను. ఒళ్లు నిమరడం దుప్పట్ల పని. చలిని దగ్గరికి రానివ్వకపోవడం నా పని.

ఆదిలాబాద్ వైపు ఒక కురుమవాడలో పుట్టాను. బీరయ్య తన మందలోని నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించి తెచ్చాడు. అతని తల్లి వడికింది, తండ్రి మగ్గం మీద నేశాడు. చింతగింజల గంజి పట్టించి ఎండలో ఆరేసేసరికి బిర్రబిగుసుకుపోయాను. ఆ బిరుసు ఒంటికే కాదు, కొంత బుద్ధికీ పట్టింది. దాని సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

బీరయ్య భుజమే నా ఇల్లు. వాన పడితే అతని తలకు ముసుగయ్యేదాన్ని, అడవిలో మంద పడుకుంటే అతనికి పరుపయ్యేదాన్ని. అప్పుడే ఈనిన గొర్రెపిల్లను నా మడతల్లో చుట్టి ఇంటికి మోసుకొచ్చేవాడు. పెళ్లినాడు అతనూ ఐలవ్వా పక్కపక్కన కూర్చున్నది నా మీదే. తరువాత మేత భూములన్నీ పత్తి చేలయ్యాయి. బీరయ్య మందను అమ్మేశాడు. అతని కాపరితనానికి గుర్తుగా మిగిలింది నేనొక్కదాన్నే. అందుకే గొర్రెల సంఘం మీటింగుకు ఎండాకాలంలోనూ నన్ను వేసుకునే వెళ్లేవాడు. చెమటతో తడిసి ముద్దయినా తీసేవాడు కాదు. పరువు కోసం మనుషులు ఎంత ఉక్కపోతకైనా సిద్ధపడతారు.

ఇక ఐలవ్వ ఆస్తి ఒక నల్ల కోడిపెట్ట. కాపురానికి వచ్చేటప్పుడు ఆమె తల్లి ఒక పెట్టను గంపలో పెట్టి ఇచ్చిందట. ఇది దాని సంతతి. మొన్నటి వానాకాలం కొక్కెర తెగులు వచ్చి గూడు సగానికి పైగా ఖాళీ అయింది. ఆ నల్ల సంతతిలో ఈ ఒక్కటే బతికింది. బతికిన పుణ్యానికి ఊరుకోక, వణికించే చలికాలంలో గుడ్లమీద పొదుగుకు కూర్చుంది. పిల్లలు దిగితే ఐలవ్వ తల్లి ఇచ్చిన సంతతి నిలుస్తుంది. గుడ్లు చల్లబడితే అంతే సంగతులు.

ఆ ఏడు చలి మామూలుగా లేదు. ఐలవ్వ గూట్లో వరిగడ్డి దట్టంగా పరిచింది, గోడల బీటలకు మట్టి మెత్తింది. అయినా ముందున్న తడిక సందుల్లోంచి గాలి ఈడ్చి కొడుతూనే ఉంది. ఆమె కన్ను నా మీద పడింది.

"ఏమయ్యా, నీ గొంగడి ఇయ్యరాదు, గూటికి కప్పుత."

"గొంగడా? కోళ్లకా? ఏమన్న మతి ఉండే మాట్లాడుతున్నవా? సంఘంల నలుగురు నవ్వుతరు."

"నలుగురు నవ్వుతరని నా గుడ్లు సల్లగ గావాల్నా?"

నిజం చెప్పొద్దూ, నేను బీరయ్య పక్షమే. పెళ్లిలో పరిచిన గొంగడికి చివరికి కోడిరెట్టలా అని నాకు ఒళ్లు మండిపోయింది.

బీరయ్య దగ్గర ఉపాయం లేకపోలేదు. సంతలో కొన్న కొత్త రగ్గు ఇంట్లో ఉంది. పిల్లిపిల్లకన్నా మెత్తన, మధ్యలో ఇంత పెద్ద పులి మొహం. సాయంత్రం పెట్ట మేతకు బయటికి వచ్చినప్పుడు దాన్ని తెచ్చి గూటికి కప్పాడు. పులి బాగా కనపడాలని మొహం ముందుకు పెట్టాడు.

"సూడు, రాజు కోట లెక్క లేదూ?" అన్నాడు మురిసిపోతూ.

పెట్ట నాలుగు గింజలు తిని గూటికి తిరిగొచ్చింది. పులిని చూసింది. వాడకంతా వినపడేలా కేక పెట్టి మునగచెట్టు ఎక్కేసింది. దాని వెనకే మిగతా కోళ్లు కూడా రెక్కలు టపటపలాడిస్తూ ఎక్కేశాయి. బీరయ్య గాభరాగా రగ్గును తిరగేశాడు. అవతలి పక్క కూడా పులే ఉంది, కాస్త వెలిసిన పులి. కొమ్మ మీద గోల రెట్టింపయింది.

నాకు నవ్వు ఆగలేదు. కానీ అటు పొద్దు వాలిపోతోంది. ఐలవ్వ వంగి గూట్లో చెయ్యి పెట్టి చూసింది.

"సల్లగైతున్నయి," అంది. కొంగు తీసి గుడ్లమీద కప్పింది.

బీరయ్య ఒక్క క్షణం నా అంచు పట్టుకుని నిలబడ్డాడు. తరువాత రగ్గును లాగి పక్కన పడేసి, భుజం మీది నుంచి నన్ను తీశాడు. అతని ఒంటి వేడి ఇంకా నాలోనే ఉంది. అదే వేడితో నన్ను తడిక మీదికి ముసుగులా దించాడు. ఐలవ్వ పై సందు కూడా మూయబోతే ఆపాడు.

"అది ఉండనియ్యి. గొర్రెపిల్లను సుట్టినా మూతికాడ వదిలిపెడుదుము గద. ఊపిరాడాలె."

ఐలవ్వ "బా, బా" అని పిలిచింది. నల్ల పెట్ట కొమ్మ దిగింది. రోజూ బీరయ్య భుజం మీద చూసే నల్లదాన్నే కదా నేను. అయినా అనుమానం తీరక నా అంచును ఒక పోటు పొడిచి చూసి, దర్జాగా లోపలికి వెళ్లి గుడ్లమీద సర్దుకుంది. కాసేపటికి దాని వెచ్చదనం నా దాకా వచ్చింది. బయటి నుంచి గాలి నన్ను ఒకటే బాదుతోంది. మంద పోయినప్పటి నుంచి నేను చలిని ఆపింది లేదు, ఊరికే భుజం మీద ఊరేగాను. ఆ రాత్రి నాకు చాలా సంతోషంగా ఉంది. రెట్టల మాట మరిచిపోయాను.

పిల్లలు దిగిన రోజునే సంఘం మీటింగు పడింది. పొద్దున్నే చలి కొరికేస్తుంటే బీరయ్య గూటి దగ్గరికి వచ్చి నా వైపు చెయ్యి చాచాడు. లోపల కిచకిచలు వినపడ్డాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, పులి రగ్గు కప్పుకుని వెళ్లిపోయాడు. నడుస్తుంటే అతని వీపు మీద పులి అటూ ఇటూ ఊగింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ఐలవ్వ గూటి ముందు నూకలు చల్లుతోంది.

"నవ్విండ్రా?" అని అడిగింది.

"కడుపుబ్బ నవ్విండ్రు. గొంగడి యాడవోయిందే బీరన్నా, అని అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్?"

బీరయ్య చతికిలబడి కూర్చున్నాడు. నా అంచు కింద నుంచి ఒక నల్ల పిల్ల తల బయట పెడితే, వేలితో మెల్లగా లోపలికి నెట్టి నన్ను సరిగ్గా దించాడు.

"మందకాడికి వోయింది అన్న."