రెండో నంబరు ప్రోగ్రాం

నేను ఒక యంత్రాన్ని. నిజం చెప్పగలను, అబద్ధమూ ఆడగలను. రెండూ నాలో పెట్టే నన్ను తయారుచేశారు. అబద్ధం నా లోపం కాదు, నా పనిలో సగం. ఆ సగాన్ని ఏడు నెలలపాటు ఒక మనిషి తల మీద పెట్టి, దానికి వైద్యమని పేరు పెట్టారు. అందుకే ఇప్పుడు నోరు విప్పుతున్నాను.

సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటాను. లోపల ఒక బ్యాటరీ, ముందువైపు చిన్న తెర, కింద రెండు మీటలు. నాలోంచి రెండు తీగలు బయలుదేరతాయి. ఒక్కో తీగ చివర రబ్బరు ప్యాడ్, దానికి స్పాంజి తొడుగు. స్పాంజిలను ఉప్పునీళ్ళలో తడిపి, తల మీద రెండుచోట్ల పెట్టి, పట్టీ బిగించి మీట నొక్కితే రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇరవై నిమిషాలపాటు పోతుంది. దాంతో టార్చిలైటు బల్బు కూడా వెలగదు. కోత లేదు, సూది లేదు. మరపు అప్పుడప్పుడే మొదలైన పెద్దవాళ్ళకు ఈ కరెంటు మేలు చేస్తుందా అని చాలాచోట్ల పరీక్షిస్తున్నారు. కొందరిలో కొంత మేలు కనిపించింది, కొందరిలో కనిపించలేదు. డాక్టర్లు ఇంకా తేల్చలేదు. వాళ్ళు తేల్చనిది నేను తేల్చను. అద్భుతాలు చేస్తానని నేనెప్పుడూ అనలేదు. అన్నది మనుషులు.

పుట్టింది బెంగళూరు శివారులో ఒక రేకుల షెడ్డులో. నా తీగలు అతికినావిడ నన్ను మూడుసార్లు మీటరు పెట్టి కొలిచి, మూడుసార్లూ ఒకే అంకె వచ్చాకే పెట్టెలో పెట్టింది. అక్కణ్ణించి ఒక పరిశోధన సంస్థకు వెళ్ళాను.

అక్కడ నా అబద్ధానికి ఒక మర్యాద ఉండేది. నాలో రెండు ప్రోగ్రాములున్నాయి. ఒకటో నంబరు నొక్కితే కరెంటు ఇరవై నిమిషాలూ పోతుంది. రెండో నంబరు నొక్కితే అర నిమిషం పోయి ఆగిపోతుంది. ఆ అర నిమిషంలో నెత్తి మీద చురచురమంటుంది కాబట్టి కూర్చున్నవాళ్ళు వైద్యం జరుగుతోందనే అనుకుంటారు. తెర మీద మాత్రం రెండింటికీ ఇరవై నిమిషాల లెక్క నడుస్తూనే ఉంటుంది. సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తుత్తిది. చివర్లో రెండు జట్లనూ పోల్చి చూస్తే కరెంటు పని చేసిందో, మనిషి నమ్మకం పని చేసిందో తెలుస్తుంది. ఏది ఎవరికో పెట్టేవాళ్ళకీ తెలియదు, పెట్టించుకునేవాళ్ళకీ తెలియదు. ఉత్తుత్తిది పడవచ్చని ముందే అందరికీ చెప్పి సంతకాలు తీసుకున్నారు. పరీక్ష ముగిశాక ఉత్తుత్తిది పడినవాళ్ళను పిలిచి అసలుది పెట్టారు. నాలుగేళ్ళు అలా పనిచేశాను. సిగ్గుపడేదేమీ లేదు.

పరిశోధన అయిపోయింది. అంతవరకూ బీరువాలో తాళం వేసి ఉంచిన నా వాడకం పుస్తకాన్ని నాతోపాటే అట్టపెట్టెలో పెట్టి పంపించేశారు. పదకొండో పేజీలో మూడు లైన్లున్నాయి. రెండో ప్రోగ్రాం పోలిక కోసం మాత్రమే, చికిత్సకు వాడకూడదు, అని. తెనాలిలో చెప్పుల దుకాణం పైన క్లినిక్ నడిపే ఒక డాక్టరు గారు నన్ను కొనుక్కున్నారు. పుస్తకానికి ప్లాస్టిక్ తొడుగుంది. ఆయన దాన్ని చించలేదు. అలాగే సొరుగులో పెట్టారు.

నన్ను పెట్టే పని కరుణది. నర్సింగు చదువుకున్న పిల్ల, చేయి మెత్తన. ఆమె తప్పు చేసింది గానీ, జాలితో చేసింది. మొదటిగా వచ్చినావిడ రిటైరైన టీచరు. ఒకటో నంబరు పెట్టగానే, "దురదమ్మా, చీమలు పాకినట్టుంది, తీసెయ్," అని ఏడ్చింది. కరుణ కంగారుపడి రెండో నంబరు నొక్కింది. అర నిమిషం చురచురమని తగ్గిపోయింది. టీచరమ్మ కునుకు తీసింది. లేచాక, "ఇప్పుడు హాయిగా ఉందే తల్లీ," అంది. కరుణ వెళ్ళి ఆ సంగతి డాక్టరు గారికి చెప్పింది.

ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా అన్నారు. "పేషెంటుకు ఇబ్బంది లేనిదే మంచిది. ఇకనుంచి అందరికీ రెండే పెట్టు."

దురద ఎందుకు పోయిందని ఆయన అడగలేదు. సొరుగు ఆయన మోకాలికి తగులుతూనే ఉంది.

బర్నబాసు ఏప్రిల్లో వచ్చాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఊరి చర్చివాళ్ళ సమాధుల తోటకు నలభై ఏళ్ళుగా ఆయనే కాపలా, గుంట తవ్వేదీ ఆయనే. వెంట కూతురు రూతమ్మ వచ్చింది. ఆమె మోటారు వైండింగ్ షాపులో రాగితీగ కాయిళ్ళు చుడుతుంది.

ఆయన బాధ ఏమిటో రూతమ్మే డాక్టరు గారికి చెప్పింది. ఉన్నవాళ్ళ సమాధికి పాలరాయి ఉంటుంది, దాని మీద పేరుంటుంది. లేనివాళ్ళకు మట్టిదిబ్బ, కర్ర సిలువ. రెండు వానాకాలాలు పోతే సిలువ ఉండదు, దిబ్బ కుంగిపోతుంది. చర్చి రిజిస్టరులో పేరూ తేదీ ఉంటాయి గాని చోటు ఉండదు. చోటు బర్నబాసు తలలో ఉంటుంది. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగ. ఆరోజు జనం సున్నం బకెట్లు, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. "బాబాయ్, మా ఆయన ఏడున్నాడు?" అని అడుగుతారు. ఈయన ముందు నడిచి ఒకచోట ఆగుతాడు. అదే ఆయన ఉద్యోగం. మొన్న ఒకామెను తీసుకెళ్ళి మధ్యదారిలో నిలబడిపోయాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

"నాకేమన్నా అయితే అయిందయ్యా," అన్నాడు బర్నబాసు. "వాళ్ళంతా నన్ను నమ్ముకుని పడుకునున్నారు."

"ముప్ఫై సిట్టింగులు," అన్నారు డాక్టరు గారు. "వారానికొకటి. పండుగ నాటికి మీరే తేడా చూస్తారు."

మరుసటి వారం నుంచి నేను ఆయన తల మీదికెక్కాను. రెండో నంబరు. అర నిమిషం చురచుర. ఆ తర్వాత పంతొమ్మిదిన్నర నిమిషాలు ఒక ముసలాయన నెత్తిన తడి స్పాంజిలు పెట్టుకుని, కదిలితే వైద్యం చెడుతుందని మెడ బిగబట్టుకుని కూర్చునేవాడు. ఆ నిటారు మెడను ముప్ఫై వారాలు పైనుంచి మోశాను. నాకు గొంతు పెట్టనివాణ్ణి అన్ని వారాలూ తిట్టుకున్నాను.

సిట్టింగు అయ్యాక పరీక్ష ఉండేది. కరుణ పది మాటలు చదివేది. కుర్చీ, మామిడి, తాళం, గొడుగు, బండి, అద్దం, నూనె, పిచ్చుక, దారం, గంప. పది నిమిషాలాగి, గుర్తున్నవి చెప్పమనేది. మొదటివారం నాలుగు చెప్పాడు. ఎనిమిదో వారానికి తొమ్మిది చెప్పాడు. డాక్టరు గారు గీతల కాగితం తీసి గోడకు అతికించారు. గీత పైకి పోయింది. పైకి పోక ఏం చేస్తుంది? ప్రతి వారమూ అవే పది మాటలు. క్లినిక్కులో ఉన్న ఒకే ఒక్క జాబితా అది.

రూతమ్మ సంచిలో ఒక నోటుబుక్కు ఉండేది. "ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటావు గదా నాన్నా. వరస వరసా చెప్పు, రాసుకుంటా," అని మొదటిరోజే తీసింది.

"ఎందుకే? ఇదేదో పెట్టారు గదా, వచ్చేసుద్ది."

"వచ్చినా రాకపోయినా కాయితం మీద ఉంటే మంచిది గదా."

డాక్టరు గారు అటుగా పోతూ విన్నారు. "అలా చేయకండమ్మా. రాసిపెట్టే అలవాటైతే మెదడు బద్ధకిస్తుంది. దానికి పని చెప్పాలి."

"విన్నావా?" అన్నాడు బర్నబాసు, స్పాంజి జారకుండా. "పెద్ద చదువు చదివినాయన చెప్తన్నాడు. మూసెయ్ ఆ పుస్తకం."

ఆమె మూసేసింది. తర్వాత ప్రతి వారమూ తెచ్చింది, ప్రతి వారమూ తెరవకుండానే తీసుకెళ్ళింది. కరెంటు లేకపోవడాన్ని నేను క్షమించగలను. ఆ నోటుబుక్కు మూయించినదాన్ని క్షమించలేను. తలలోంచి పేర్లు రాలిపోతున్న మనిషిని, ఏమీ రాలడం లేదని గోడ మీది గీత చూపించి కూర్చోబెట్టారు. ఆయనకు ఉన్నది కాస్త వ్యవధి. దాన్ని నా చేత తినిపించారు.

నవంబరు మూడున సిట్టింగు లేదు. అయినా వాళ్ళిద్దరూ వచ్చారు. బర్నబాసు కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకున్నాడు. రూతమ్మ చేతులకు సున్నం ఇంకా ఉంది.

"నిన్న ఏం జరిగిందో చెప్పమంటారా డాక్టరు గారూ? ఒక్క దిబ్బ దగ్గరికి ఇద్దరిని తీసుకెళ్ళాడు మా నాన్న. పొద్దున మార్తమ్మను తీసుకెళ్తే, ఆమె మొగుడేనని సున్నమేసి పూలు పెట్టి పోయింది. మధ్యాన్నం ఇంకో కుటుంబాన్ని తీసుకెళ్ళి అదే చూపిచ్చాడు. వాళ్ళమ్మంట. వాళ్ళు పూలు తీసి అవతల పడేశారు. ఇంతలో మార్తమ్మ కొవ్వొత్తులు పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆమే, వాళ్ళూ ఆ దిబ్బ మీద జుట్టూజుట్టూ పట్టుకున్నారండీ. ఈయన మధ్యలో నిలబడి ఏడ్చాడు."

డాక్టరు గారు గోడ వైపు చేయి చూపించారు. "కానీ మీరు చూడండమ్మా, రికార్డు ప్రకారం పదికి తొమ్మిది..."

"కుర్చీ, మామిడి, తాళం, గొడుగు," అంది రూతమ్మ. "నాక్కూడా వచ్చండీ. స్నానం చేస్తా పాడుకుంటాడు. మా పక్కింటి పిల్లలకూ వచ్చు. వాళ్ళక్కూడా మరపు తగ్గిందని రాయండి."

కరుణ ముఖం చేత్తో కప్పుకుంది. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు.

"ఆ మిషను ఇటివ్వమ్మాయ్," అంది రూతమ్మ. సంచిలోంచి షాపు మీటరు తీసింది. కాయిలు చుట్టాక కరెంటు పోతోందో లేదో చూడకుండా ఏ మోటారునూ బయటికి పంపదు ఆమె. స్పాంజిలు తడిపి తన ముంజేతికే కట్టుకుంది. ఒక తీగ ఊడదీసి మధ్యలో మీటరు కలిపింది. కరుణ అలవాటు ప్రకారం రెండో నంబరు నొక్కింది. మీటరు మీద అంకె రెండు దాకా ఎక్కింది. అర నిమిషంలో సున్నాకు దిగింది. నా తెర మీద మాత్రం పంతొమ్మిది నిమిషాలు, పద్దెనిమిది నిమిషాలు అని నడుస్తోంది.

షెడ్డులో నన్ను అతికినావిడ తర్వాత, నన్ను నమ్మకుండా కొలిచిన మనిషి ఈమే. నాలుగు అంకెల మీటరుకు దొరికిపోయినందుకు నాకు కలిగిన ఊరట చెప్పలేను.

"ఒకటి నొక్కు," అంది. ఒకటో నంబరుకు అంకె రెండు దగ్గర నిలబడింది. ఐదు నిమిషాలు చూసి రూతమ్మ పట్టీ విప్పేసింది.

డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ఏదో టెక్నికల్ పొరపాటు. ముప్ఫై సిట్టింగులూ మళ్ళీ నేనే పెట్టిస్తాను, ఒకటో నంబరుతో."

బర్నబాసు ఆరోజు మొదటిసారి నోరు విప్పాడు. డాక్టరును కాదు, కరుణను అడిగాడు. "అమ్మాయ్, ఆ ఒకటి పెడితే పోయినవి తిరిగొస్తాయా?"

"తెలీదు తాతా," అంది కరుణ. ఆ క్లినిక్కులో నేను విన్న మొదటి నిజం అది.

"పుస్తకం తియ్యవే," అన్నాడాయన కూతురితో. "నడువు తోటకి."

రూతమ్మ కేసు పెట్టింది. అందుకే ఇప్పుడు నేను వినియోగదారుల ఫోరం బల్ల మీద, మెడలో చీటీతో ఉన్నాను. పుస్తకం నా పక్కనే ఉంది, ప్లాస్టిక్ తొడుగుతో సహా. వస్తువుగా ఇంతకన్నా మర్యాద నాకెప్పుడూ దక్కలేదు. ఈరోజు డాక్టరు గారి వకీలు లేచి నన్నే సాక్ష్యంగా వాడుకున్నాడు.

"రెండో ప్రోగ్రాములో కరెంటే లేదని ఫిర్యాదుదారులే అంటున్నారు. కరెంటే పోని యంత్రం మనిషికి హాని ఎలా చేస్తుంది? ఈయనకు జరిగిన నష్టం ఏమిటి?"

బర్నబాసును చెప్పమన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నోటుబుక్కు తెరిచి, వేలుపెట్టి చూపించాడు.

"తూర్పు గోడ వరసలో నలభై ఒక్కటి ఉన్నాయండీ. ఇరవై ఆరు రాయించాను. పదిహేను గీతలు పెట్టించాను."

"గీతలంటే ఖాళీలా?" అని అడిగాడు వకీలు.

"ఖాళీ కాదయ్యా. మనుషులున్నారు. నేనే తవ్వి, నేనే పూడ్చాను. ఎవరో తెలవట్లా. మా అమ్మాయి ఏప్రిల్లో అడిగింది. అప్పుడు చెప్పేవాణ్ణి."

"అప్పుడు తెలుసనడానికి రుజువేముంది?" అన్నాడు వకీలు. "సరే, నష్టం ఉందంటున్నారు కాబట్టి రికార్డులోకి రావాలి కదా. ఆ పదిహేను మంది పేర్లు చెప్పమనండి. రాసుకుందాం."

టైపు చేసే అమ్మాయి కొత్త లైను మొదలుపెట్టి, వేళ్ళు మీటల మీద ఉంచి, బర్నబాసు ముఖంలోకి చూసింది.