శేషయ్య అట్టముక్క

శేషయ్యకు పాపమంటే భయం లేదు, ఊరంటే భయం. 1955లో ఆళ్లగడ్డలో అతని డేరా సినిమా నడుస్తున్నది కమలాక్షమ్మ చేనులో. ఆమె పొమ్మంటే మూట సర్దుకోవడమే. అందుకని ఎవరూ అడక్కముందే తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. తెర మీద నాయిక నాయకుడికి మూరెడు దూరంలోకి వస్తే చాలు, సినిమా మిషను ముందు అట్టముక్క అడ్డం పెట్టేవాడు. తెర చీకటయ్యేది. పాట మాత్రం వినిపించేది.

ఆ వారం నంద్యాల బస్సు ఆలస్యంగా వచ్చింది. అందులో వచ్చిన సినిమా రీళ్లను ముందుగా చూసుకునే వ్యవధి లేక అలాగే ఆడించాడు. రెండో పాటలో నాయిక దగ్గరికొచ్చింది. అట్ట పడింది. చీకట్లో గాజుల చప్పుడు, నవ్వు, ఆ పైన నాయకుడి దగ్గు. పాట అయిందాకా అట్ట లేవలేదు.

తెల్లారేసరికి ఆ చీకటికి ఊరంతా కథలల్లింది. అవి కమలాక్షమ్మ చెవిన పడ్డాయి. డేరా దగ్గరికే వచ్చింది.

"ఏం శేషయ్యా, నా చేన్లో ఏం చూపిస్తాండావప్పా?"

"ఏమీ చూపియ్యలేదమ్మా. మూసినా."

"ఏమీ లేకుంటే ఏంటికి మూసినావ్?"

అట్ట వెనక ఏముందో శేషయ్యకూ తెలియదు.

"ఈ పొద్దు అట్ట లేకుండా ఆడించు. నేనొచ్చి చూస్తా. తప్పుంటే రేపు డేరా పీకు."

ఆ సాయంత్రం పక్క ఊళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు. కమలాక్షమ్మ మిషను పక్కనే కుర్చీ వేయించుకుంది. శేషయ్య యాగంటి ఈశ్వరుడికి మొక్కుకున్నాడు.

పాట వచ్చింది. నాయిక గాజులు గలగలమనిపిస్తూ దగ్గరికొచ్చి, నాయకుడి నోట్లో మిరపకాయ కారం అద్దిన సంగటి ముద్ద పెట్టింది. అతను దగ్గుతూ చెంబు కోసం పరుగెత్తాడు. ఆమె నవ్వింది. అంతే.

డేరా ఉసూరుమంది.

"దీనికా అప్పా నిన్న మూసింది?" ఆడవాళ్ల వైపు నుంచి ముసలి లింగమ్మ అరిచింది. "రాత్రంతా నిద్ర పట్టలేదు గదరా నాకు!"

జనం విరగబడి నవ్వారు. కమలాక్షమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, అట్టముక్క చేతికి తీసుకుంది.

"డేరా ఉండనీ. ఇది నాకియ్యి. ఉక్కపోస్తాంది, ఇసురుకుంటా."

మరుసటి వారం సినిమాలో నాయకుడు నాయికను నిజంగానే దగ్గరికి లాక్కున్నాడు. శేషయ్య చెయ్యి అలవాటుగా అట్ట కోసం తడిమింది. లేదు. పక్క కుర్చీ వైపు చూశాడు.

కమలాక్షమ్మ విసురుకోవడం ఆపి, అట్టను ముఖానికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం అట్ట అంచు మీదుగా తెర వైపే ఉన్నాయి.