వెచ్చగా ఉన్న పాదం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆసుపత్రిలో అందరూ అంటారు. అననీ, నాకేం. ఆ మంగళవారం మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపాలో నాకే తెలియలేదు.

వెంకటరాముడు మామ మా అమ్మకు తమ్ముడు. నాగలమడిక దగ్గరున్న నాలుగెకరాలూ సోలార్ పార్కుకు లీజుకిచ్చి, ఆ ప్యానెళ్ల మధ్య గడ్డి కోసే పనికే కుదిరాడు. పన్నెండేళ్లుగా షుగరు. పాదాలు మొద్దుబారి చాలా కాలమైంది. చెప్పులో బోల్టు పడితే తెలియక సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు మహానుభావుడు. కుడికాలి చిటికెన వేలు నల్లబడి వాసన వచ్చాక గాని నాకు ఫోన్ చేయలేదు. నేను పావగడలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. ఫోన్లోనే అత్తను నానా మాటలూ అని, తెల్లారేసరికి బస్సెక్కి రమ్మన్నాను.

వచ్చారు. సర్జన్ కృష్ణకుమార్ గారు పాదం పట్టుకుని చూసి, వెచ్చగానే ఉందన్నారు. చేతికీ చీలమండకీ బీపీ పట్టీ చుట్టి కొలిచాం. చేతిలో నూట నలభై, చీలమండ దగ్గర నూట తొంభై. రక్తం బాగానే దిగుతోంది, ఇవాళే వేలు తీసేద్దాం, వారంలో నడుస్తాడు అన్నారు. పుట్టమ్మత్త చేతులు కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుంది.

ఈ పనిలో ఒక్కటే లెక్క. పాదానికి రక్తం అందుతుంటే వేలు తీసినచోట పుండు మానుతుంది. అందకపోతే కోసిన చోటే మళ్లీ నల్లబడి, నలుపు పైకి పాకి, మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. అలాంటప్పుడు ముందు మూసుకుపోయిన నాళం తెరిపించాలి, తర్వాతే కత్తి పెట్టాలి. ఆ నాళం తెరిచే ఏర్పాటు బెంగళూరులో ఉంది గాని మా దగ్గర లేదు.

థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు రెండు పాదాలూ తుడుస్తున్నాను. ఎడమ పాదం చల్లగా ఉంది. కుడిది వేడి. చీము పట్టిన కాలు వేడిగానే ఉంటుందిలే అనుకున్నాను. కానీ పాదం ఎత్తి చూస్తే, పుండుకు జానెడు దూరంలో మడమ కింద ఎర్రగా కమిలి ఉంది. ఆ ఎరుపులో టవల్ నేత గళ్లు గళ్లుగా దిగి ఉంది. చీము ఎక్కడైనా టవల్ గుర్తులు వేస్తుందా?

అత్తను వరండాలోకి లాక్కొచ్చాను. ఏం చేశావని అడిగితే నేల చూపులు చూసింది. రెండోసారి గట్టిగానే అడిగాను.

“నువ్వే గదా పాపా చెప్పినావు, కాలు చల్లబడితే తీసేస్తారని. ఆ చల్లదనం పోవల్లని ఉప్పు మూట కాపినాను.”

నిజమే, నేనే అన్నాను. చల్లబడిందంటే రక్తం ఆగినట్టే, ఇక తీసేయడమే అని ఫోన్లో అరిచాను. ఆమెకు చల్లబడటం ఒక్కటే వినిపించింది. కోడి కూయకముందే లేచి పెనం మీద ఉప్పు వేయించి, టవల్‌లో మూటకట్టి పాదం కింద పెట్టింది. బస్సులో మూట చల్లారితే, స్టాండు పక్క టీ కొట్టు స్టవ్ మీద మళ్లీ కాచుకుంది. అంతా నేను చెప్పినట్టే చేశాననుకుంది పాపం.

లోపలికి పరుగెత్తాను. డాక్టర్ గారు అప్పటికే గ్లౌజులు వేసుకున్నారు. మత్తు సూది ట్రేలో సిద్ధంగా ఉంది. వేడి సంగతి చెప్తే ఆయన చిరాకు పడ్డారు. పాదం సంగతి సరే, చీలమండ దగ్గర అంకె బాగుంది కదా అన్నారు. ఆ అంకె మీదే నాకు అనుమానం. ఏళ్ల తరబడి షుగరున్న వాళ్ల నాళాలు ఎండకు బిరుసెక్కిన డ్రిప్ పైపుల్లా అవుతాయి. పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు, అంకె ఎక్కువ చూపిస్తాయి. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు, తొందరలో ఉన్నారంతే.

“పది నిమిషాలు ఇవ్వండి సార్. వేళ్ల నాళాలు అంతగా బిరుసెక్కవు, అక్కడ చూసి చెప్తాను. ఇది మా మామ కాలు.”

ఆయన గడియారం చూసి సరేనన్నారు.

వేలికి చుట్టే చిన్న పట్టీ మా దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని బొటనవేలికి చుట్టి, కొనకు నాడి పట్టే సెన్సర్ అంటించి, గాలి కొట్టాను. తెర మీద గీత చదునుగా పడుకుంది. ఇక మెల్లగా గాలి వదలాలి, గీత కదిలిన చోట అంకె చూడాలి. వంద. కదల్లేదు. ఎనభై. అరవై. మామ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. పుండు మానాలంటే యాభై అయినా ఉండాలి, యాభైకైనా కదులు తల్లీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. నలభై. ముప్పై. ఇరవై ఆరు దగ్గర గీత సన్నగా వణికింది.

అంతసేపు కాపడం పెట్టినా ఇరవై ఆరే. ఈ రక్తంతో వేలు కోస్తే ఆ పుండు ఈ జన్మలో మానదు.

డాక్టర్ గారు గ్లౌజులు పీకేశారు. స్పర్శలేని కాలికి వేడి పెట్టింది ఎవరని గుమ్మం వైపు చూసి గొంతు పెంచారు. అత్త అక్కడే గోడకు అతుక్కుపోయింది.

“ఆమెను అనొద్దు సార్. ఆ మాట చెప్పింది నేను.”

ఆయన యాంటీబయాటిక్ ఎక్కించమని చెప్పి, బెంగళూరుకు తానే ఫోన్ చేశారు. గంటలో అంబులెన్సులో ఉన్నాం. దారి పొడుగునా నేను నల్లని వేలినే చూస్తూ కూర్చున్నాను. నలుపు పైకి పాకిందేమోనని పెన్నుతో గీత పెట్టి, పది నిమిషాలకోసారి కట్టు విప్పి చూశాను.

మర్నాడు తొడ దగ్గర నుంచి తీగ పంపి నాళం తెరిచారు. మూడు గంటలు పట్టింది. బయటికొచ్చిన డాక్టరమ్మ వేలి దగ్గర యాభై ఎనిమిది వచ్చిందని చెప్పింది. నల్లబడిన వేలు ఒక్కటే పోతుంది, కాలు నిలుస్తుందంది. నేను అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

అత్త అప్పుడు కొంగులోంచి చేతులు తీసి ఆమెకు దండం పెట్టింది. తర్వాత వార్డులోకి తెచ్చాక, పడుకునే మామ ఆ చేతులు చూశాడు. రెండు అరచేతులూ బొబ్బలు. నిన్నంతా పక్కనే కూర్చున్న నర్సును, నేను చూడలేదు.

“నీ చేతులు చెప్పలేదేమే, మూట కాల్తా ఉండాదని?” అన్నాడు మామ.

“చెప్పినాయి. నీ కాలుంటే చాలనుకున్నాను.”

మామ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను బొబ్బల మందు కోసం కిందికి వెళ్లాను.