పైకప్పు తీసిన కారులో తేనె మొద్దులు

ఆ ఏడు శరత్కాలపు వాన మా ఇంటి వెనక గోడను, దాని పైనున్న మెట్ల పొలాన్ని కలిపి లోయలోకి తోసేసింది. మా ఊట కూడా దారి మార్చుకుంది. నీళ్ళు లేని కొండ మీద ఎవరుంటారు? కింద లోయలో ఒక పొలం కౌలుకు కుదుర్చుకున్నాను. జర్మన్లతో యుద్ధం ముగిసి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఫిబ్రవరిలో దిగాలి. మంచం, పెట్టెలు, మేకలు అన్నీ కంచరగాడిద బండి వెంట దిగిపోయాయి. మిగిలినవి సిదోనీ తేనెటీగలు.

సిదోనీ నా భార్య. ఈగలు ఆమెకు అమ్మమ్మ నుంచి వచ్చాయి.

సెవెన్ అనే మా కొండల్లో ఈగలకు పెట్టెలు ఉండేవి కావు. చెస్ట్‌నట్ మాను మొదలు నరికి, లోపల తొలిచి, నిలబెట్టి, నెత్తిన పలకరాయి పెట్టేవాళ్ళం. ఈగలు లోపల పైనుంచి కిందికి పట్లు కట్టుకుంటాయి. వాటికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు, ఊరికే వేలాడుతుంటాయి. ఎండాకాలం మైనం మెత్తబడి జారుతుంది. చలికాలం గాజులా పెళుసవుతుంది. అందుకే ఒకసారి నిలబెట్టిన మొద్దును మనవల కాలం దాకా ఎవరూ కదిలించరు. తప్పనిసరైతే ఈగలు బయట తిరగని చలిలోనే కదిలించాలి. కుదుపు మాత్రం తగలకూడదు.

అమ్మమ్మ చనిపోయిన పొద్దున సిదోనీ ఒక్కో మొద్దు దగ్గరికీ వెళ్ళి, వేలి కణుపుతో తట్టి చెప్పింది. "అమ్మమ్మ పోయింది. ఇక మిమ్మల్ని నేను చూసుకుంటాను. ఎక్కడికీ పోకండి." అలా చెప్పకపోతే ఈగలు ఇంటిని వదిలిపోతాయని మా వైపు నమ్మకం. పాస్టరు గారికి ఆ పద్ధతి నచ్చేది కాదు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు మాత్రం ఆయనే వెళ్ళి తట్టాడని అందరికీ తెలుసు.

మొదటి మొద్దును బండి మీద ఎక్కించాం. బండి కమ్మరి ఇజాక్‌ది. మోకాలి లోతు గడ్డి పరిచాడు.

"ఒరేయ్ ఎలీ, తొట్టెలో బిడ్డలా దింపుతా చూడు. వాటికి కలలో కూడా మెలకువ రాదు," అన్నాడు.

రెండో మలుపులో చక్రం ఒక రాయి మీదినుంచి దిగింది. పెద్ద రాయి కూడా కాదు. బండి వెనక నడుస్తున్న సిదోనీ ఆగమని చెయ్యెత్తింది. మొద్దు అడుగున కట్టిన గోనె తడిసి తేనె కారుతోంది. ఆమె మొద్దుకు చెవి ఆనించింది. లోపల పట్లన్నీ తెగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈగలు తమ తేనెలోనే మునిగి చచ్చాయి.

ఇజాక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక సిదోనీ అంది, "నువ్వు దిగు. మేకల్ని చూసుకో. నేను మిగిలిన ఈ ఆరు మొద్దులతో ఇక్కడ ఉంటాను."

"నీళ్ళో?"

"మంచు ఉందిగా."

"ఎండాకాలం?"

ఆమె పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. ఉంటానన్నది మొండితనంతో కాదు. ఈగలకు మాటిచ్చింది, అంతే. నేనూ ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. రెండు రోజులు ఇద్దరం ఒకే పొయ్యి ముందు కూర్చుని చెస్ట్‌నట్ గంజి తాగాం. ఆమె దిగదు, నేను పైన ఉండలేను. ఇల్లు రెండుగా చీలేలా ఉంది.

మూడో రోజు మంత్రసాని నొయెమీ గారు వచ్చారు. పై ఊళ్ళో బాలింతను చూసి పోతూ, మా పొగగొట్టంలో పొగ కనిపించి ఆగారట. ఆవిడకు యాభై దాటాయి. ఈ కొండల్లో సగం మందిని ఆవిడే లోకంలోకి లాగింది. అంతకు ముందు ఏడాదే ఆవిడకు ఆ బూడిదరంగు రెండు గుర్రాల కారు వచ్చింది. అందరూ దాన్ని అలాగే అనేవాళ్ళు, పన్ను లెక్కలో దాని ఇంజను రెండు గుర్రాల బలమని. ఆ కారు కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. పల్లె డాక్టర్లకు, మంత్రసానులకు ముందు ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆవిడకు త్వరగా దక్కింది.

చూడటానికి అది రేకు ముక్కలు వంచి చేసినట్టు ఉంటుంది. పైకప్పు గుడ్డది, చాపలా చుట్టేయొచ్చు. సీట్లు గొట్టాల చట్రానికి రబ్బరు పట్టీలతో కట్టిన గుడ్డ. ఇజాక్ దాన్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా ఉండలేడు. ఆ రోజూ మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాడు అననే అన్నాడు.

"అమ్మగారూ, దీంతోపాటు డబ్బా కోసే కత్తి కూడా ఇచ్చారా?"

"ఇచ్చారు ఇజాక్. మీ ఆవిడ అడిగితే ముందు నీ బుర్ర మీద వాడి చూద్దామని దాచాను."

తర్వాత ఆవిడ సిదోనీ మొహం చూసి, "ఏమైందే పిల్లా?" అంది. సంగతి నేనే చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది.

ఆవిడ లేచి వెళ్ళి ఒక మొద్దు పక్కన నిలబడి, అది తన రొమ్ము దాకా వస్తుందని చూసుకుంది. కారు దగ్గరికి వెళ్ళి వెనక సీటు పట్టుకుని ఒక్క ఊపు ఊపి బయటికి లాగింది. గడ్డి మీద పెట్టింది. అది తోటలో వేసుకునే బల్లలా నిలబడింది. పైకప్పు చుట్టేసింది.

"నిలువుగానే పెట్టొచ్చు. తల బయట ఉంటే ఏం, చలికి అవి అలవాటు పడ్డవేగా."

నేను బోర్లా పడుకుని కారు కిందికి చూశాను. ఒక్కో పక్కన ఒక పొడుగాటి గొట్టం ఉంది. ముందు చక్రాన్ని మోసే ఇనుప చేయీ, వెనక చక్రాన్ని మోసే చేయీ రెండూ ఆ గొట్టంలో ఉన్న స్ప్రింగులకే కట్టి ఉన్నాయి. ముందు చక్రం రాయి ఎక్కితే ఆ కబురు వెనక చక్రానికి ముందే చేరుతుంది. చేత్తో కారును నొక్కి చూశాను. మెల్లగా దిగి, మెల్లగా లేచింది. చప్పుడు లేదు. లేచి మోకాళ్ళు దులుపుకుని సిదోనీ వైపు చూసి తల ఊపాను.

ఆమె మొద్దుల దగ్గరికి వెళ్ళి ఒక్కోదాన్నీ తట్టింది. "కిందికి పోతున్నాం. భయపడకండి."

"నా కారులో అని కూడా చెప్పవే. తర్వాత దిగి నన్ను కుడితే బాగుండదు," అంది నొయెమీ గారు.

కారును, వానకు కూలకుండా మిగిలిన మెట్ల పొలం గోడ కిందికి ఆనించి పెట్టాం. నేనూ ఇజాక్ గోడ మీదినుంచి తాళ్ళతో, ఏమాత్రం వాలకుండా, రెండు మొద్దుల్ని పైకప్పు లోంచి దింపాం. సిదోనీ వెనక నేల మీద కూర్చుని చెరో చేత్తో చెరోదాన్ని పట్టుకుంది. నేను ముందు కూర్చున్నాను. కారు మీద రెండు మానులు మొలిచినట్టు కనిపించిందని ఇజాక్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు.

మొదటి మలుపులో కారు పక్కకు ఎంత వాలిందంటే నేను తలుపు పట్టుకున్నాను.

"వదులు. అది పడవలా ఒరుగుతుంది గానీ పడుకోదు," అంది ఆవిడ. నా భయం మరిపించడానికో ఏమో, దారంతా ఆ కారు పుట్టుక చెప్పింది. యుద్ధానికి ముందే కంపెనీ పెద్దాయన తన మనుషులను పిలిచి అడిగాడట. నలుగురు రైతులు ఎక్కాలి, బంగాళాదుంపల బస్తా ఎక్కాలి, టోపీ తీయకుండా కూర్చోగలగాలి, దున్నిన పొలంలో గుడ్ల బుట్ట పెట్టుకుని నడిపితే ఒక్క గుడ్డు కూడా పగలకూడదు. యుద్ధం రాగానే, జర్మన్లకు చిక్కకుండా నమూనా బళ్ళను కొట్టాల్లో దాచేశారట. తీరా యుద్ధమయ్యాక పారిస్‌లో చూపిస్తే జనం నవ్వారట.

"మీ ఇజాక్ లాంటివాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట," అంది.

సన్నగా మంచు జల్లు మొదలైంది. అద్దం తుడిచే పుల్లలు కారు ఎంత వేగంగా పోతే అంత వేగంగా ఆడతాయి. మేమేమో నడకంత నెమ్మదిగా పోతున్నాం, అవి నిద్రపోతున్నాయి. వాటిని చేత్తో ఆడించే లోపలి గుండీని ఆవిడ చూపించింది. దాన్ని చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. చేయడానికి ఒక పని దొరికినందుకు నాకు ప్రాణం కుదుటపడింది.

వంతెన దగ్గర ఒకతను సైకిలు అడ్డం పెట్టి రెండు చేతులూ ఊపుతున్నాడు. కొండ వాలులోని ఒంటరి ఇంటి జెరెమీ. మాట తడబడుతోంది.

"అమ్మగారూ, మీకోసమే వస్తున్నా. మా ఆవిడకు నొప్పులు. కాళ్ళు ముందు వస్తున్నాయని మా అమ్మ అంటోంది. మా బాట వానకు కొట్టుకుపోయింది, దున్నిన చేల మీదుగా రావాలి."

నొయెమీ గారు మా వైపు తిరిగింది. మొద్దుల్ని దింపాలంటే గోడ కావాలి, తాళ్ళు కావాలి, ఇంకో మనిషి కావాలి. తొందరలో తలుపు లోంచి లాగితే వాలుతాయి, వాలితే తెగుతాయి. దింపకుండా చేలోకి పోతే ఏమవుతుందో మేము బండి మీద చూసే వచ్చాం. నేను సిదోనీ వైపు తిరిగాను. ఆ ఈగలు నావి కావు.

సిదోనీ మొద్దులను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "పోనివ్వండి అమ్మగారూ," అంది. "బిడ్డ ఆగదు కదా."

చేనులోకి దిగాం. చాళ్ళు గడ్డకట్టి రాళ్ళలా ఉన్నాయి. అడ్డంగా దాటాలి. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ గుండీ తిప్పాలి. కింద నాలుగు చక్రాలు నాలుగు వైపులా ఎగురుతున్నట్టు తెలుస్తోంది. పైన మేము మాత్రం ఉయ్యాల మంచంలో ఉన్నట్టు నెమ్మదిగా ముందుకు వంగి వెనక్కి వస్తున్నాం. దెబ్బ అన్నది తగల్లేదు. ముందు పరిగెడుతున్న జెరెమీ చాళ్ళలో రెండుసార్లు పడ్డాడు.

ఇంటి ముందు ఆగగానే ఆవిడ సంచి పట్టుకుని లోపలికి పోయింది.

మేము కారులోనే ఉన్నాం. సిదోనీ మొద్దుకు చెవి ఆనించింది. నా వైపు చూసి, ఏమీ వినబడటం లేదన్నట్టు తల ఆడించింది. ఇంట్లోంచి జెరెమీ భార్య అరుస్తోంది, గాలి గోనెను టపటపలాడిస్తోంది. వీటి మధ్య ఈగల ఊపిరి ఎక్కడ వినబడుతుంది? గోనె కింద వేలు పెట్టి తడిమాను. పొడిగా ఉంది. వేలు ఆమెకు చూపించాను. అయినా ఆమె మొహం తేరుకోలేదు.

కొంతసేపటికి లోపలి అరుపు ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. గాలి కూడా తగ్గినట్టు అనిపించింది. ఆ నిశ్శబ్దంలో సిదోనీ వేలి కణుపుతో ఒక మొద్దును తట్టింది. లోపల ఒక్కసారి బుస్సుమని లేచి వెంటనే అణిగింది. రాణి ఈగ బతికున్నప్పుడు వచ్చే చప్పుడది. రెండోదాన్ని తట్టింది. అదీ పలికింది. ఇంకా చెవి తీయకముందే ఇంట్లో బిడ్డ ఏడుపు మొదలైంది. సిదోనీ మొద్దుకు చెంప ఆనించి అలాగే కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు మాను బెరడు మీదినుంచి జారాయి. నేను అప్పటికీ గుండీ తిప్పుతూనే ఉన్నాను. జల్లు ఎప్పుడో ఆగిపోయింది.

జెరెమీ గడప దాటి వచ్చాడు. మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. "మగపిల్లాడు. ఇద్దరూ బాగున్నారు," అన్నాడు. అప్పుడు మొద్దులు కంటబడ్డాయి. "ఇవేంటి?"

"తేనెటీగలు," అన్నాను.

రెండడుగులు వెనక్కి వేసి, అక్కడినుంచే మాకు ధన్యవాదాలు చెప్పాడు.

మిగతా నాలుగింటినీ అదే వారంలో దింపాం. ఒక్క పట్టు కూడా తెగలేదు. సిదోనీ నాతోపాటే దిగింది. ఆ కారును గీసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. ఎక్కడో గచ్చు నేల మీద కూర్చుని, దున్నిన చేనును తలుచుకుని, మాలాంటివాళ్ళ గుడ్లనూ టోపీలనూ తలుచుకుని పని చేసిన మనుషులు. తేనెటీగల సంగతి వాళ్ళకు తట్టి ఉండదు. అయినా మాకు చేసిపెట్టారు. మా ఇంట్లో రొట్టె కోసే ముందు చేసే ప్రార్థనలో సిదోనీ వాళ్ళను కూడా కలిపింది. పేర్లు తెలియవు కాబట్టి "ఆ కారు చేసినవాళ్ళు" అనేది. బతికినంతకాలం అంది. ఇప్పుడు నేను అంటున్నాను.

మార్చి మొదట్లో ఒక రోజు బాగా ఎండ కాసింది. నొయెమీ గారు జెరెమీ కొడుకును చూసి పోతూ మా ఇంటికి వచ్చి, కారును మొద్దుల ఎదురుగానే ఆపి కాఫీకి కూర్చుంది. చలికాలమంతా కడుపు బిగబట్టుకున్న ఈగలు మొదటి ఎండకు బయటికొచ్చి తేలికపడతాయని ఆవిడకు తెలియదు. ఆరు మొద్దుల లోంచీ ఒకేసారి లేచాయి. పెరడంతా ఝుమ్మంది. ఆవిడ బయటికొచ్చేసరికి బూడిదరంగు కారు బానెట్టు నుంచి గుడ్డ కప్పు దాకా పసుప్పచ్చ రెట్ట చుక్కలు.

"ఇదేనటే పిల్లా మీ మర్యాద?" అంది ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని.

సిదోనీకి నవ్వు ఆగలేదు. గడప పట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. ఆ శరత్కాలపు వాన తర్వాత ఆమె నవ్వగా వినడం అదే మొదటిసారి.

నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చి కడగడం మొదలుపెట్టాను. కడిగిన చోటే మళ్ళీ పడ్డాయి. మళ్ళీ కడిగాను.